పడకల లెక్క

మా పుట్టింట్లో ఎవరి పెళ్ళయినా చదివింపుల పుస్తకం నా చేతికే ఇస్తారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం, ఎవరెంత ఇచ్చారో పదేళ్ళ తర్వాత కూడా నాకు గుర్తుంటుందని! మా వారు బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెక్కలు చూసి రిటైరయ్యారు గాని, మా పెద్దాడి బారసాలకి ఎవరేం పెట్టారండీ అంటే బిక్కమొహం వేస్తారు. నేను మాత్రం టకటకా ఒప్పజెప్పేస్తాను.

మొన్న మా అన్నయ్య పెద్దమ్మాయి పెళ్ళి తెనాలిలో జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున. నేను బల్ల ముందు పుస్తకం తెరిచి కూచున్నాను. రాత్రి తొమ్మిదింటికి ముగ్గురమ్మాయిలు వరసగా కవర్లు పట్టుకొచ్చి నిలబడ్డారు. ముగ్గురూ మా చిన్న మేనకోడలి స్నేహితురాళ్ళు. మా చిన్నమ్మాయి నర్సు, వాళ్ళు ముగ్గురూ నర్సులే. గుంటూరులో ఒకే స్కూల్లో మూడేళ్ళ డిప్లొమా చదివారు. ఒకే హాస్టలు గదిలో ఉండి, ఒకే సీసాలో ఆవకాయ పంచుకు తిన్నారు.

పేర్లు రాస్తే బావుండదు గనక ఊళ్ళ పేర్లతోనే చెబుతాను. మంగళగిరమ్మాయి ఎయిమ్స్‌లో చేస్తోంది. హైదరాబాదమ్మాయి ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఉంది. లండనమ్మాయి సెలవు పెట్టుకుని, పెళ్ళి కోసమే వచ్చింది. మా పిల్ల తెనాలిలోనే, మా వీధి చివరున్న ముప్పై పడకల నర్సింగు హోములో ఉంది.

లండనమ్మాయి కవరులో 5,116 ఉన్నాయి. మంగళగిరమ్మాయిది 2,116. హైదరాబాదమ్మాయిది 1,116. రాసుకున్నాను. అందరూ వెళ్ళాక మా చిన్నమ్మాయి వచ్చి, అక్కకని కాయితంలో చుట్టిన వెండి కుంకుమభరిణె బల్ల మీద పెట్టింది.

"నా పేరు రాయొద్దత్తయ్యా, ఇంటిమనిషినేగా" అంది.

చేత్తో ఎత్తి చూశాను. రెండు నెలల జీతం బరువుంది.

మగవాళ్ళ జీతం, ఆడవాళ్ళ వయసు అడక్కూడదంటారు. మరి ఆడవాళ్ళ జీతం అడగొచ్చునో లేదో పెద్దలెవరూ చెప్పి పోలేదు గనక, భోజనాలయ్యాక నలుగుర్నీ కూచోబెట్టి అడిగేశాను. పందిట్లో అందరూ కునికిపాట్లు పడుతుంటే వాళ్ళు మాత్రం దివ్వెల్లా మేలుకునే ఉన్నారు. నైటు డ్యూటీ అలవాటు కదా!

"చెప్పవే, మొదట నువ్వే" అని హైదరాబాదమ్మాయి మంగళగిరమ్మాయిని పొడిచింది.

"మాకేముందాంటీ, కాయితం మీద అచ్చేసే ఉంటుంది" అందా అమ్మాయి. నిజమే. 2016 నుంచి లెక్కకొచ్చిన ఏడో వేతన సంఘం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో చేరిన నర్సుకి మూలవేతనం 44,900 తో మొదలు. దాని మీద కరువు భత్యం, ఇంటద్దె, నర్సింగు అలవెన్సు. ఏడాదికో ఇంక్రిమెంటు. ఐసీయూలో వేసినా, మామూలు వార్డులో వేసినా మూలవేతనం మారదు. ఇంక మారేది వయసూ, దాంతోపాటు మెట్టూనూ.

హైదరాబాదమ్మాయి సంగతి వేరు. వెంటిలేటరు మీదున్న రోగిని చూసుకునే పని నేర్చింది గనక వార్డు నర్సుల కన్నా నాలుగు రాళ్ళు ఎక్కువే. చేతికి 32,000 వస్తుందిట. "కాని ఆంటీ, ఒకే చోట ఉంటే పెరగదు. మూడు ఆసుపత్రులు మారితే ఈ మాత్రం వచ్చింది. ఉన్నచోటే నమ్మకంగా ఉన్నదానికి మొండిచెయ్యి. పైగా అందులో హాస్టలుకే 8,000 పోతుంది" అంది.

ఆ అమ్మాయికి అమెరికా మీద ఆశ. అక్కడి లెక్కలన్నీ కంఠతా వచ్చు. అమెరికా కార్మిక శాఖ 2023 మే లెక్కల్లో మామూలు రిజిస్టర్డు నర్సు మధ్యస్థ జీతం ఏడాదికి 86,070 డాలర్లట. ఇంకా పై చదువులు చదివి మత్తుమందు ఇచ్చే నర్సయితే 2,12,650! ఊరిని బట్టి కూడా తేడా ఉంటుందిట. కాలిఫోర్నియాలో సగటున లక్షా ముప్పై ఏడు వేల పైచిలుకయితే, దక్షిణ డకోటాలో అందులో సుమారు సగం. "మరి కాలిఫోర్నియాకే పోరాదుటే?" అన్నాను. "అక్కడ ఇంటద్దె విన్నారంటే మీరే వద్దంటారు" అని నవ్వింది.

అంతవరకూ కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్న మా వారు డాలర్ల మాట వినగానే లేచి కూచున్నారు. "ఏమ్మా, మరి లండన్లో ఎంత?" అన్నారు.

ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సేవలో నర్సులకి మెట్ల పట్టిక ఉంది. కొత్త నర్సు ఐదో బ్యాండులో చేరుతుంది. 2024-25 పట్టికలో అది 29,970 పౌన్లు. రెండేళ్ళు చేస్తే 32,324. నాలుగేళ్ళయితే 36,483. లండన్ నడిబొడ్డున పనిచేస్తే 20 శాతం అదనం, దాని చుట్టుపక్కలయితే 15, పొలిమేరలో అయితే 5. రాత్రి డ్యూటీకి, శనివారానికి 30 శాతం ఎక్కువ, ఆదివారానికి 60. అక్కడా వార్డయినా ఐసీయూ అయినా ఐదో బ్యాండంటే ఐదో బ్యాండే.

మా వారు వేళ్ళ మీద లెక్కవేసి, "పౌనుకి 110 చొప్పున వేసుకున్నా 33 లక్షలు!" అని నోరు తెరిచారు.

"బాబాయిగారూ, రూపాయల్లోకి మార్చకండి. నేను అద్దె రూపాయల్లో కట్టను, కూరలు రూపాయల్లో కొనను" అందా పిల్ల. "ఇంకో సంగతి. కంప్యూటరు మీద ఓ పరీక్ష, చేత్తో చేసి చూపించే పరీక్ష ఇంకోటి గట్టెక్కాకే అక్కడి రిజిస్టరులో పేరెక్కింది. ఇక్కడ నేను చేసిన నాలుగేళ్ళూ మా ఆసుపత్రివాళ్ళు లెక్కలో వెయ్యలేదు. నిన్నగాక మొన్న పాసైన పిల్లతో సమానంగా మొదటి మెట్టు మీదే నిలబెట్టారు. నాకు ఏడుపొచ్చింది జీతానికి కాదు, ఆ నాలుగేళ్ళకి."

అందరి చూపులూ మా పిల్ల వైపు తిరిగాయి.

"నాకు 13,500" అంది, మల్లెపూలు మాల కడుతూ తలెత్తకుండా. "8,500 తో చేరాను. దసరాకో అయిదొందలూ వెయ్యీ పెంచుతారు. కాన్పులూ నేనే, ఆపరేషన్ థియేటరూ నేనే, కాషాయంలా డోసులు కలపడమూ నేనే. రాత్రి ముప్పై పడకలకీ నేనూ, ఒక ఆయా." వాళ్ళ డాక్టరుగారు చెడ్డవాడేం కాదు. మంచివాడు కూడా. కాని మంచితనానికి ఇంక్రిమెంటు ఉండదుగా.

తెనాలి నుంచి మంగళగిరికి బస్సెక్కితే గంటా గంటన్నర ప్రయాణం. ఆ కాస్త దూరంలో, అదే చదువు, అదే సూది, అదే సెలైను సీసా, ఒకరి మూలవేతనం ఒక్కటే ఇంకొకరి మొత్తం జీతానికి మూడు రెట్లకి పైన. లండన్ దాకా పోనక్కర్లేదు.

దీనికి అడ్డూ అదుపూ లేదా అని అడిగితే మంగళగిరమ్మాయి చెప్పింది. ప్రైవేటు నర్సుల జీతాల గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2016 జనవరిలో కోర్టు ఒక సంఘం వెయ్యమంది. ఆ సంఘం పడకల్ని బట్టి లెక్క కట్టింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే పదిశాతం కన్నా తగ్గకూడదు. 50 దాటితే పాతిక శాతం కన్నా తగ్గకూడదు. యాభై లోపు ఎంత చిన్న ఆసుపత్రయినా నెలకి 20,000 కి తగ్గడానికి వీల్లేదు. ఆ సిఫార్సుల్ని కేంద్రం రాష్ట్రాలకి పంపింది. కేరళలో నర్సులు సమ్మెలు చేసి, 2018 ఏప్రిల్లో కనీస జీతం 20,000 అని ఉత్తర్వు తెప్పించుకున్నారు. మా వీధి చివరికి మాత్రం ఆ ఇరవై వేలు ఇంకా నడిచి రాలేదు.

"పోనీ నువ్వు కూడా ఆ ఎయిమ్స్ పరీక్ష రాయరాదుటే?" అన్నాను మా పిల్లతో. ఎంత తేలిగ్గా అన్నానో!

నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చివరికి మంగళగిరమ్మాయే చెప్పింది. ఆ పరీక్షకి, అదే నార్‌సెట్‌కి, డిప్లొమా చదివినవాళ్ళు రెండేళ్ళ అనుభవం చూపించాలి. ఆ అనుభవం కనీసం 50 పడకల ఆసుపత్రిలోది కావాలి. "దీనికి ఆరేళ్ళుంది ఆంటీ. ముప్పై పడకల్లో. అందులో ఒక్కరోజు కూడా పనికిరాదు. వయసు ముప్పై దాటితే, రిజర్వేషను సడలింపు లేనివాళ్ళకి ఆ దారీ మూతే."

మా పిల్లకి ఇరవై ఏడు.

మీకు నిజం చెప్పాలి. ఆరేళ్ళ కిందట గుంటూరులో 200 పడకల ఆసుపత్రి నుంచి దానికి పిలుపొచ్చింది. వద్దన్నది వాళ్ళ నాన్న కాదు, నేను. "ఆడపిల్లని మళ్ళీ హాస్టల్లో వేస్తావుటరా అన్నయ్యా? ఇంటి పక్కనే నర్సింగు హోముండగా! అక్కడా సూదులే, ఇక్కడా సూదులే" అన్నాను. నా మాట కాదనలేకపోయాడు.

ఆ సలహాలో మేనకోడలి మీద ప్రేమ లేదని అనను. కాని అప్పుడు మా అత్తగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. వీపంతా పుళ్ళు. మా పిల్ల డ్యూటీ దిగి రోజూ మా ఇంటికొచ్చి, ఎనిమిది నెలలపాటు ఆవిణ్ణి పక్కకి తిప్పి, పుళ్ళు కడిగి, కట్లు కట్టింది. ఆవిడ దాని చేతుల మీదే శాంతంగా వెళ్ళిపోయారు. నేను సంక్రాంతికి ఓ చీర పెట్టాను. చదివింపుల పుస్తకంలో చిల్లర పైసలు కూడా మర్చిపోని దాన్ని, ఈ పద్దు మాత్రం ఎక్కడా రాసుకోలేదు. పిల్ల దగ్గరుంటే నాకు సుఖమని, దాన్ని దగ్గరుంచుకున్నాను. దాని ఏళ్ళు ఎక్కడా లెక్కకి రావని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మనకి కొత్తా ఏమిటి? ముప్పై ఏళ్ళు వంటచేసిన దానికి అనుభవ పత్రం ఎవరిస్తారు? అలవాటైపోయి, పని చేసిన ఏడాది ఎక్కడో జమ కావాలన్న ఆలోచనే మనకి రాదు. జీతమంటే నెలాఖరున చేతిలో పడేదే అనుకుంటాం. ఆ రాత్రి నలుగురు పిల్లలూ నాకు నేర్పింది వేరే. లండనమ్మాయి ఏడ్చింది పౌన్లకి కాదు, నాలుగేళ్ళకి. మంగళగిరమ్మాయి నిశ్చింతగా ఉన్నది 44,900 వల్ల మాత్రమే కాదు, ఈ ఏడాది మీద వచ్చే ఏడాది నిలబడుతుందన్న ధీమా వల్ల. ఎక్కడ ఎంతిస్తారని అడిగే ముందు, ఇక్కడ చేసిన ఏడాది రేపు లెక్కకొస్తుందా అని అడగాలి.

మంగళవాద్యాలు మోగాయి. అక్షింతలు వేశాం. అప్పగింతలప్పుడు అందరూ పెళ్ళికూతుర్ని పట్టుకుని ఏడుస్తుంటే, నేను చిన్నదాన్ని పట్టుకుని ఏడ్చాను. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

పెళ్ళయిన వారానికి అన్నయ్య దగ్గరికి వెళ్ళి కూచున్నాను. "అప్పుడు వద్దన్నది నేనే. ఇప్పుడు పంపించమంటున్నదీ నేనే" అన్నాను. వదిన పెళ్ళిసంబంధాల మాటెత్తింది. "రెండేళ్ళు ఆగితే మించిపోయేదేం లేదు వదినా. రెండేళ్ళు ఆలస్యమైతే మాత్రం పరీక్ష మించిపోతుంది" అన్నాను.

గుంటూరులో 200 పడకల ఆసుపత్రిలోనే చేరింది. 17,000 ఇస్తామన్నారు. హాస్టలుకి 6,000. మా వారు ఠక్కున లెక్కకట్టి, "ఇదేం లాభం? చేతికి 11,000. ఉన్నదాని కన్నా రెండున్నర వేలు తగ్గిందిగా!" అన్నారు.

"బ్యాంకులో అన్నేళ్ళు చేశారు, జమ ఎక్కడ పడుతుందో చూసుకోవద్దుటండీ?" అన్నాను.

హాస్టలు డబ్బు నేను కడతానన్నాను. పోపులపెట్టె అడుగున నాకూ ఓ బ్యాంకుంది లెండి. మా పిల్ల ఒప్పుకోలేదు. "ఎందుకత్తయ్యా ఇదంతా?" అంది.

"ఊరికే కాదే. ఎనిమిది నెలల కట్లకి" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.

చదివింపుల పుస్తకం అన్నయ్యకి తిరిగిచ్చేముందు చివరి పేజీలో దాని పేరూ రాశాను, అది వద్దన్నా సరే. కుంకుమభరిణె ఒకటి, వెండి. మా ఇంటి క్యాలెండరు మీద నెలకో టిక్కు పెడుతున్నాను. ఇవాళ్టికి మూడయ్యాయి. ఇంకా ఇరవై ఒకటి.