ఒకే మూలం – వేర్వేరు రూపాలు

మూలం, అనువాదం అనే మాటలు సాహిత్య విద్యార్థికి కొత్తవి కావు. కాని వాటి అంతరార్థం నాకు తరగతి గదిలో కంటె ఒక పాత కంప్యూటరు ముందు ఎక్కువగా బోధపడిందంటే విద్యార్థి మిత్రులు నవ్వుతారేమో!

2019 నాటి సంగతి. మన సంచికకు ఒక విద్యార్థిని తన అమ్మమ్మ నోట విన్న ఉర్దూ సామెతలను తెలుగు చేసి ఇచ్చింది. ఉర్దూ పాఠాన్ని ఉర్దూ శాఖవారు వ్రాసిపెట్టారు. రెండూ ఒకే పుటలో పక్కపక్కన ఉండాలని ఆమె కోరిక. తెలుగు పుటలు ఒకచోట, ఉర్దూ పుటలు మరొకచోట కూర్పించి ఒకే అట్టలో కుట్టించడం మన ఆచారం. రెండు లిపులను ఒకే పుటలో కూర్చడం తమవల్ల కాదని ముద్రణాలయం వారన్నారు. అయితే ఉర్దూ భాగం తీసివేద్దామని నేనే అన్నాను. “నానీమాకు తెలుగు చదవడం రాదు సార్. ఆమె మాటలే లేకపోతే ఆమెకు ఏం చూపించను?” అన్నది ఆ అమ్మాయి. నేను బదులు చెప్పలేకపోయాను.

పుటలు కూర్చడానికి స్క్రైబస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉన్నది. దాని 1.4 తరానికి మన ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చడం రాదు. 2017లో వెలువడిన 1.5.3 నుండి ఆ శక్తి వచ్చింది. అయితే మా శాఖలోనిది లినక్స్‌తో నడిచే 32 బిట్ల పాత యంత్రం. లినక్స్‌కు లభించే సిద్ధరూపమేమో 64 బిట్ల యంత్రాలకు ఉద్దేశించినది. ఇక మిగిలినది ఒకటే మార్గం: మూలాన్ని తెచ్చి మా యంత్రంలోనే కంపైల్ చేసుకోవడం. అంటే మనుషులు సి++ భాషలో వ్రాసిన పాఠాన్ని యంత్రభాషలోకి మార్చడం.

ముందుగా సీమేక్ అనే సాధనం కావలసిన సామగ్రి ఉన్నదో లేదో పరీక్షిస్తుంది. క్యూటీ, ఫ్రీటైప్, ఐ.సి.యు., హర్ఫ్‌బజ్ అని జాబితా వచ్చింది. చివరి పేరు చూసి ఆగిపోయాను. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరచినది. పారశీకం నుండి వచ్చిన పేరది. తెలుగు ఒత్తును దాని స్థానంలో నిలిపేదీ, ఉర్దూ అక్షరాలను ఒకదానితో ఒకటి కలిపేదీ ఆ ఒక్క గ్రంథాలయమే! మేము రెండు అచ్చుకూటాల మధ్య పంచుకొన్న పని అక్కడ ఒకే చోట జరుగుతున్నది.

పని మాత్రం సులభంగా సాగలేదు. గ్రంథాలయాలన్నీ ఉన్నవనుకున్నాను, లేవని యంత్రం పదేపదే మొరాయించింది. నడవడానికి కావలసిన భాగం వేరు, నిర్మాణానికి కావలసిన ‘డెవ్’ భాగం వేరని తెలిసేసరికి రెండు రోజులు గడిచాయి. జ్ఞాపకశక్తి చాలని యంత్రం కనుక ఒక్కొక్క ఫైలునే కంపైల్ చేయమని ఆదేశించి ఇంటికి వెళ్లాను. మరునాటి ఉదయానికి నూరు శాతమని తెరపై కనబడింది. ఆ సాయంత్రానికి పుట సిద్ధమైంది.

మరుసటి ఏడు విండోస్ ల్యాప్‌టాప్ కొన్నాను. అంత శ్రమపడి సాధించిన ఫైలును పెన్‌డ్రైవులో తీసుకుపోయి అందులో తెరవబోయాను. తెరుచుకోలేదు! లినక్స్‌లో అమలు ఫైలు నిర్మాణం ఇ.ఎల్.ఎఫ్.; విండోస్‌లో పి.ఇ.; మ్యాక్‌లో మాక్-ఓ. ఒక వ్యవస్థ కోసం కట్టిన దేహం మరొక దానిలో నిలువదు. మోసుకుపోవలసినది మూలాన్ని. విండోస్‌కు సిద్ధరూపం దొరుకుతున్నా, పట్టుదలకొద్దీ విజువల్ స్టూడియోతో మళ్లీ కంపైల్ చేశాను. గ్రంథాలయాలన్నీ వేరుగా సమకూర్చుకోవలసి వచ్చింది గాని, మూలంలో ఒక్క అక్షరమైనా మార్చలేదు.

1.6 తరం 2024లో వెలువడింది గనుక నేటి విద్యార్థులకు ఇంత ప్రయాస అక్కరలేదు. అయినా ఒక్కసారైనా ఏదో ఒక మూలాన్ని తెచ్చి మీ చేతులతో కంపైల్ చేసి చూడండి. “సాధ్యం కాదు” అనే మాటకు “ఇంతవరకు ఎవరూ చేసి చూడలేదు” అనే అర్థం కూడ ఉంటుందని తెలుస్తుంది.

సంచిక వెలువడిన మరునాడు ఆ విద్యార్థిని వచ్చింది. నానీమా కుడివైపు చదివిందట, తాను ఎడమవైపు చదివిందట. ఒక సామెతకు తాను చెప్పిన అర్థం తప్పని నానీమా దిద్దిందట! ఆ తప్పు నా కంటబడలేదు. అనువాదం పక్కన మూలం ఎందుకుండాలో ఆ రోజు నేను నేర్చుకున్నాను.