ఈకల డబ్బా

ఖాలిద్ హుసేనీ పేరు వినగానే చాలామంది 'ద కైట్ రన్నర్' అంటారు. నా దిల్‌కి దగ్గరైంది మాత్రం 2013లో వచ్చిన 'అండ్ ద మౌంటెన్స్ ఎకోడ్'.

1952లో అఫ్ఘానిస్తాన్‌లోని షాద్‌బాగ్ అనే పల్లెలో మొదలవుతుంది ఈ నవల. అబ్దుల్లాకి పదేళ్లు, చెల్లి పరీకి ఇంకా నాలుగు నిండలేదు. ఆ పిల్లని కంటూనే తల్లి పోయింది. అందుకని పరీకి అమ్మీ అయినా, అన్న అయినా అబ్దుల్లాయే. చెల్లికి ఈకలు దాచుకోవడం షౌఖ్. ఒక్క నెమలీక కోసం అబ్దుల్లా తన జోళ్లు ఇచ్చేసి వట్టి కాళ్లతో ఇంటికొస్తాడు. ఆ తర్వాత గరీబీకి ఓడిన తండ్రి, పిల్లల్లేని ఒక అమీర్ ఇంటికి పరీని ఇచ్చేస్తాడు. చెయ్యి బతకాలంటే ఒక వేలు పోవాల్సిందేనన్న హిసాబ్.

పరీ పారిస్‌లో పెరుగుతుంది. లెక్కల ప్రొఫెసర్ అవుతుంది. అన్న గుర్తు లేడు, ఊరు గుర్తు లేదు. కానీ జిందగీ అంతా ఏదో ఒక కమీ. ఎవరో ఉండాల్సిన చోట ఎవరూ లేరన్న ఖాళీ.

ఇక్కడే నేను ఆగిపోయాను. మా ఇళ్లల్లో దీన్ని గోద్ ఇవ్వడం అంటారు. మా అమ్మీని రెండేళ్లప్పుడు నానీ తన చెల్లెలికి ఇచ్చింది. దూరం కూడా ఎంతో కాదు, బస్సులో గంట. కన్నతల్లిని ఖాలా అనీ, ఖాలాని అమ్మీ అనీ పిలుస్తూ పెరిగింది మా అమ్మీ. ప్రతి ఈద్‌కీ నానీ దగ్గర్నుంచి ఒక కుర్తా వచ్చేది. ప్రతిసారీ ఒక సైజు చిన్నదే. నానీ కళ్లల్లో ఆ పిల్ల ఎదగనే లేదు మరి! అమ్మీ వాటిల్లో ఒక్కటీ తొడుక్కోలేదు. ఒక్కటీ పారేయలేదు.

'నేనెవర'న్న తలాష్ మీద ఈ కాలం నవలలు చాలానే వస్తున్నాయి. చాలావాటిల్లో మనిషి ఇల్లు వదిలి వెళ్తేనే తను తనకి దొరుకుతుంది. పరీకి జవాబ్ తన లోపల లేదు, ఎందుకంటే అక్కడ యాదే మిగల్లేదు. అది ఇంకొకరి దగ్గర అమానత్‌గా ఉంది.

ఆరు పదుల వయసులో ఆమెకి అన్న ఉన్నాడని తెలిసి కాలిఫోర్నియా వెళ్తుంది. అబ్దుల్లా తన కూతురికి పరీ అని పేరు పెట్టుకున్నాడు. కానీ అల్జైమర్స్ వచ్చి ఎదురుగా ఉన్న చెల్లిని పోల్చుకోలేడు. మతి పూర్తిగా పోకముందే ఆమె కోసం దాచిపెట్టిన డబ్బా మాత్రం ఆమెకి అందుతుంది. అందులో ఈకలు. వాటి మతలబ్ పరీకి తెలీదు. ఒకరికి యాద్ లేదు, ఇంకొకరికి యాద్ పోయింది. అయినా అన్నేళ్లూ తనని ఎవరో తలచుకుంటూనే ఉన్నారని ఆమెకి తెలిసింది. ఆ ఖాళీకి ఒక పేరు దొరికింది.

ఈ కథంతా మా ఇంటి జబాన్‌లో అమ్మీకి చెప్పాను. తండ్రి అమ్మేశాడన్నప్పుడు ఏమీ అనలేదు. అన్న గుర్తుపట్టలేదన్నప్పుడూ ఏమీ అనలేదు. చివరికి ఒకే ఒక్క సవాల్ వేసింది.

"ఆ డబ్బా ఆమెకి చేరింది కదా బేటా?"

చేరింది అమ్మీ అన్నాను. ఇంకేం అడగలేదు.