పగవాడి పక్కన నిలబడి

పాట వినడానికి భాష రావాలా అంటే, అక్కర్లేదనే అంటాన్నేను. కాకపోతే కొన్ని పాటలు ఎవరు పాడారో, ఎందుకు పాడారో తెలిసి వింటే గుండె పట్టేస్తాయి.

ఇంగ్లాండులో కోవెంట్రీ అనే ఊరుంది. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు బాంబులు కురిపిస్తే అక్కడి పెద్ద చర్చి మొండిగోడలు మిగిలాయి. పక్కనే కొత్తది కట్టి, 1962లో దాని ప్రారంభోత్సవాలకి బెంజమిన్ బ్రిటన్ చేత ఓ సంగీత రచన చేయించారు. పేరు 'వార్ రెక్వియం'. పోయినవాళ్ళ కోసం చర్చిలో పాడే లాటిన్ ప్రార్థనల మధ్య, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితలు పొదిగాడాయన.

ఇంగ్లీషువాడు పీటర్ పియర్స్, జర్మన్ ఫిషర్ డీస్కౌ, రష్యన్ ఆవిడ గలీనా విష్నెవ్‌స్కయా... ఈ ముగ్గురూ కలిసి పాడాలని ఆయన ముచ్చట. సోవియట్ ప్రభుత్వం ఆవిణ్ణి కోవెంట్రీకి రానివ్వలేదు. 1963 జనవరిలో లండన్‌లో డెక్కా కంపెనీ రికార్డు చేసినప్పుడు గానీ ఆ ముచ్చట తీరలేదు. తీరా వచ్చాక, మగవాళ్ళిద్దర్నీ ఓ చోట నిలబెట్టి తనని కోరస్‌తో నిలబెట్టారని ఆవిడ పెద్ద రభసే చేశారట! అందులో సంగతేమిటంటే, ప్రార్థన ఆవిడదీ కోరస్‌దీ; సైనికుల మాటలు వాళ్ళిద్దరివీ. ఇక పసిపిల్లల గొంతులు ఎక్కడో దూరాన్నుంచి, ఈ గొడవలేవీ తెలియనట్టు వినిపిస్తాయి.

ఓవెన్ 1918 నవంబరు 4న చనిపోయాడు, పాతికేళ్ళకే. సరిగ్గా వారానికి యుద్ధం ఆగింది. ఊరంతా గంటలు మోగుతుండగా వాళ్ళమ్మ చేతికి తంతి అందింది. ఆ గంటలు ఆవిడకెలా వినిపించి ఉంటాయో మనకి ఒకరు చెప్పాలా?

మా అత్తగారి చెల్లెలి కొడుకు 1971 యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు శత్రువుల్ని తిట్టిపోస్తుంటే ఆవిడ, "అవతల కూడా ఓ తల్లి ఇలాగే కూచునుంటుంది, ఊరుకోండమ్మా" అన్నదట. చదువుకున్న మనిషి కాదు.

ఈ రికార్డు చివర్లో చచ్చిపోయిన సైనికుడొకడు, తను చంపినవాణ్ణే కలుసుకుంటాడు. పాడేది ఇంగ్లీషువాడూ, జర్మనూ. ఆ జర్మన్ నిజంగానే హిట్లర్ సైన్యంలో పనిచేసినవాడు. ఇద్దరూ కలిసి నిద్రపోదామన్న భావం పాడుతుంటే, పిల్లలూ కోరసూ ఆవిడా అందరూ ఒక్కటై జోలపాటలా అందుకుంటారు.

ఎనభై నిమిషాలు దాటే పాట. పనులన్నీ తెమిలాక, ఓ రాత్రి తీరిగ్గా వినండి. మా పిన్నత్తగారు చదువు లేకుండా అన్న మాటే, అంతమంది కలిసి పాడినట్టుంటుంది.