మిగిలిపోయినవాళ్ల యుద్ధం

ఇలాంటి నవలలు ఉన్నాయని ఇన్నేళ్లలో ఒక్కరైనా నాకు చెప్పలేదేం! మధుబాబు షాడో నవలలు అద్దెకు తెచ్చుకుని, లైటు ఆర్పమని ఇంట్లో కేకలేసేదాకా చదివినవాణ్ణి. గూఢచారులు, తుపాకులు, ఆఖరి క్షణంలో తప్పే చావు, అన్నీ చూసేశాననుకున్నాను. రెండవ రాకడ మాట కూడా నాకు కొత్తది కాదు. యేసు త్వరలో రాబోతున్నాడని రాసి ఉన్న గోడల పక్క నుంచే బడికి నడిచాను. ఆ రెండూ ఒకే పుస్తకంలో కలిస్తే ఒళ్లు ఎంతగా గగుర్పొడుస్తుందో మెల్ ఓడమ్ రాసిన ‘అపొకలిప్స్ డాన్’ చదివాకే తెలిసింది. అప్పటినుంచి కనిపించినవాళ్లందరికీ ఈ నవల గురించే చెబుతున్నాను.

టర్కీ, సిరియా సరిహద్దు. అక్కడ కాపలా కాస్తున్న అమెరికా రేంజర్ల దళంలో ఫస్ట్ సార్జెంట్ శామ్యూల్ ఆడమ్స్ గాండర్ ఉంటాడు. తోటివాళ్లు గూస్ అంటారు. సిరియా వైపు నుంచి దాడి మొదలవుతుంది. మనుషులు చాలరు, సమయం చాలదు. సముద్రంలో ఉన్న ‘వాస్ప్’ యుద్ధనౌక నుంచి మెరీన్ సైనికులతో హెలికాప్టర్లు బయల్దేరతాయి. హమ్మయ్య, సాయం వస్తోంది అనుకుంటాం. సరిగ్గా అప్పుడే పైలట్లలో కొందరు కూర్చున్నచోటే మాయమవుతారు. హెలికాప్టర్లు అదుపు తప్పి రాలిపడతాయి. నేల మీద, ఒక్క నిమిషం కిందట పక్కనే ఉన్న సైనికుడు ఇప్పుడు లేడు.

మామూలు యుద్ధ నవలలో ఎంత పెద్ద కష్టానికైనా సైన్యం దగ్గర ఏదో ఒక దారి ఉంటుంది. మ్యాపు ఉంటుంది, రేడియో ఉంటుంది, పై అధికారి ఆజ్ఞ ఉంటుంది. ఇక్కడా అవన్నీ ఉన్నాయి, జరిగిందేమిటో మాత్రం ఏదీ చెప్పలేదు. అయినా శత్రువు ఆగడు, యుద్ధం ఆగదు. ఆ పేజీల దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ఈ కథల వెనకున్న నమ్మకాన్ని చర్చికి వెళ్లే తెలుగువాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు క్లుప్తంగా చెబుతాను. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం ప్రకారం విశ్వాసులు ప్రభువును కలుసుకోవడానికి ఆకాశానికి ఎత్తబడతారు. ఆ తర్వాత ఏడేళ్ల శ్రమల కాలం, క్రీస్తు విరోధి ఏలుబడి, చివరికి క్రీస్తు రాక, వెయ్యేళ్ల పరిపాలన అని ఈ రచయితల లెక్క. దానియేలు, యెహెజ్కేలు, ప్రకటన గ్రంథాలను ఇలా వరుసలో పేర్చి చెప్పడం 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ బోధలతో బలపడింది. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్ దాన్ని అమెరికాలో బాగా వ్యాపింపజేసింది. 1970లో హాల్ లిండ్సే ‘ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’లో అప్పటి ప్రపంచ రాజకీయాలను తెచ్చి ఆ వరుసలోనే నిలబెట్టాడు. రష్యా, ఇజ్రాయెల్, అణుబాంబులు అన్నీ అప్పటికే సిద్ధం. ఇక రావలసింది పాత్రలే.

అవి 1995లో వచ్చాయి. టిమ్ లాహే పాస్టరు, జెర్రీ జెంకిన్స్ చేయి తిరిగిన రచయిత. ప్రవచనాల క్రమం ఆయన ఇస్తే నవల ఈయన రాశారు. వాళ్ల ‘లెఫ్ట్ బిహైండ్’ ఆకాశంలోనే మొదలవుతుంది. షికాగో నుంచి లండన్ వెళ్తున్న 747 విమానాన్ని రేఫోర్డ్ స్టీల్ నడుపుతున్నాడు. అతని మనసంతా విమానంలో పనిచేసే హాటీ మీద ఉంది. భార్య ఐరీన్ భక్తి అతనికి విసుగు. ఆ రాత్రే ప్రయాణికులు కొందరు కనిపించడం లేదని హాటీ పరుగెత్తుకొస్తుంది. సీట్లలో బట్టలు మాత్రం మిగిలాయి. ఇల్లు చేరేసరికి ఐరీన్ లేదు, కొడుకు లేడు. లోకమంతటా పసిపిల్లలు లేరు. ఆమె వెళ్లే చర్చికి పరుగెడితే అక్కడ బ్రూస్ బార్న్స్ అనే పాస్టరు మిగిలి ఉంటాడు.

పాస్టరు మిగిలిపోయాడు! నన్ను ఈ నవలలకు బానిసను చేసింది ఈ ఒక్క ఆలోచనే. ఈ కథల్లో నాయకులంతా ఆ పిలుపు అందుకోలేనివాళ్లే. మంచివాళ్లు మొదటి అధ్యాయంలోనే వెళ్లిపోయారు. ఇక కథ నడపాల్సింది ప్రార్థనను రేపటికి వాయిదా వేసినవాళ్లు, నమ్మినట్టు నటించినవాళ్లు, ఇంట్లోవాళ్లు చెబుతుంటే నవ్వినవాళ్లు. వాళ్లకు నిజం తెలిసేసరికి ఆలస్యమైంది, కానీ అంతా అయిపోలేదు. ఈ సందులో పుట్టే ఉత్కంఠ ఏ గూఢచారి నవలలోనూ నాకు దొరకలేదు.

ఓడమ్ దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. 2003లో మొదలైన అతని నవలలు లాహే, జెంకిన్స్ కథకు సైనిక శాఖ లాంటివి. అదే అదృశ్యం, అదే రోజు, చూసే కళ్లు వేరు. నౌకాదళంలో చాప్లిన్‌గా పనిచేసే డెల్రాయ్ హార్ట్‌ను ఎప్పటికీ మరచిపోలేను. సైనికులకు ధైర్యం చెప్పి ప్రార్థనలు చేయించడం అతని ఉద్యోగం. అతనే మిగిలిపోయాడు. సైన్యంలో ఉన్న కొడుకు చనిపోయాక అతని విశ్వాసం లోలోపల ఎండిపోయింది, నోరు మాత్రం వాక్యం చెబుతూనే ఉంది. నిద్రించిన విశ్వాసులు కూడా ఆ రోజు లేస్తారని కదా పౌలు రాసింది. మరి కొడుకు లేచాడా? తర్వాతి పుస్తకాల్లో ఆ తండ్రి కొడుకు సమాధి తవ్వడానికి సొంతూరు వెళతాడు. పెట్టె ఖాళీగా ఉండాలని కోరుకునే తండ్రిని నేను ఇంకే సాహిత్యంలోనూ చూడలేదు. క్షిపణులు కురిసిన పేజీలన్నీ కలిపినా ఆ పార పట్టిన చేతులంత భయపెట్టలేదు.

గూస్ కథా అంతే. ఇంట్లో పసివాడు మాయమయ్యాడని తెలిసినా సరిహద్దు వదిలి రాలేడు. అతన్ని నమ్ముకుని సైనికులున్నారు. సైన్యం చెప్పిన కర్తవ్యం ఒకటి, దేవుడు అడుగుతున్నది ఒకటి, ఇంట్లో ఏడుస్తున్న భార్య మేగన్ ఒకతి. ఈ మూడింటి మధ్య ఆ మనిషి నలిగే తీరు చదివి తీరాల్సిందే.

ఇక పాఠకులు! ‘లెఫ్ట్ బిహైండ్’ వరుస 2007 నాటికి 16 పుస్తకాలకు చేరింది. 6.5 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. క్రైస్తవ పుస్తకాల దుకాణాలు దాటి వాల్‌మార్ట్ అరల్లోకి వచ్చాయి. 2001లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన నవల ఈ వరుసలోని ‘డెసిక్రేషన్’. సెప్టెంబరు 11 దాడుల తర్వాత జనం వీటికోసం మరింతగా ఎగబడ్డారు. అంకెల కంటే నన్ను పట్టుకున్నది ఆ జనం చదివిన తీరు. ఎమీ జాన్సన్ ఫ్రైకామ్ అనే పరిశోధకురాలు ఈ పాఠకులతో నేరుగా మాట్లాడి 2004లో ‘రాప్చర్ కల్చర్’ రాశారు. ఈ పుస్తకాలు ఇంట్లోవాళ్ల మధ్య, స్నేహితుల మధ్య, చర్చిలో చేతులు మారుతుంటాయి. నచ్చిందని ఇచ్చేవాళ్లు కొందరు. ‘నువ్వు మిగిలిపోకూడదు’ అనే ప్రేమతో ఇచ్చేవాళ్లు మరికొందరు. థ్రిల్లర్ నవలను మనిషి మీద బెంగతో కానుకగా ఇవ్వడం ఎంత గొప్ప సంగతి! ఈ నవలలు చదివి జీవితం మారిందన్నవాళ్ల అనుభవాలతో లాహే, జెంకిన్స్ 2003లో ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు.

ఇంకొక రకం స్పందన మనకు బాగా తెలిసినదే. లోకంలో ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ఎప్పుడో చెప్పారు’ అనే మాట మన ఇళ్లలో వినపడుతుంది కదా. ఈ పాఠకులు కూడా ఒక చేత్తో నవల, ఒక చేత్తో వార్తాపత్రిక పట్టుకుని చదువుతారు. ఇదే కోవలో జోయెల్ రోజెన్‌బర్గ్ రాసిన ‘ది లాస్ట్ జిహాద్’ 2002లో వచ్చింది. హైజాక్ చేసిన విమానంతో అమెరికా అధ్యక్షుడి మీద ఆత్మాహుతి దాడి దాని ప్రారంభం. ఆ భాగాన్ని ఆయన సెప్టెంబరు 11కు ముందే రాశారు. చదివినవాళ్లకు వెన్నులో వణుకు రాదూ! 2005లో వచ్చిన ఆయన ‘ది ఎజెకియెల్ ఆప్షన్’కు ఆధారం యెహెజ్కేలు 38, 39 అధ్యాయాల్లోని గోగు, మాగోగు యుద్ధం.

అందరూ మెచ్చుకోలేదు, మెచ్చుకోనివాళ్ల మాటల్లో బలం ఉంది. లూథరన్ పండితురాలు బార్బరా రాసింగ్ 2004లో ‘ది రాప్చర్ ఎక్స్‌పోజ్డ్’ రాసి, ప్రకటన గ్రంథాన్ని ఇలా చదవడమే సరికాదన్నారు. అదే ఏడాది వచ్చిన ‘గ్లోరియస్ అపియరింగ్’లో క్రీస్తు మాటతోనే శత్రు సైన్యాలు చీలిపోయే దృశ్యాలు చాలామందిని కలవరపెట్టాయి. నన్నూ కలవరపెట్టాయి. అన్య మతస్థుల చావు ఇక్కడ మరీ తేలిగ్గా గడిచిపోతుంది, అది నాకు నచ్చలేదు. ఆ సంవత్సరమే మరో చిత్రం జరిగింది. ‘లెఫ్ట్ బిహైండ్’ వేసిన టిండేల్ హౌస్ సంస్థే హ్యాంక్ హానెగ్రాఫ్, సిగ్మండ్ బ్రౌవర్ రాసిన ‘ది లాస్ట్ డిసైపుల్’ కూడా వేసింది. ఆ శ్రమల కాలం నీరో చక్రవర్తి రోజుల్లోనే వచ్చిందని చెప్పే నవల అది. లాహే బాహాటంగానే నొచ్చుకున్నారు. వేదాంత చర్చ నవలకు నవలగా సాగడం నాకు భలే నచ్చింది.

నమ్మకం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వీటిని చదవాలి. ‘లెఫ్ట్ బిహైండ్’ మొదటి భాగంతో మొదలుపెట్టండి, వెంటనే ‘అపొకలిప్స్ డాన్’ అందుకోండి. తెలుగు క్రైస్తవ రచయితలకు ఒక విన్నపం. ఎత్తబడుట గురించి మన చర్చిల్లో ఇన్ని ప్రసంగాలు విన్నాం. ఆ మరుసటి ఉదయం కోనసీమలోనో నల్గొండలోనో మిగిలిపోయిన ఒక పాస్టరుగారి కథ మాకు రాసివ్వండి. మొదటి ప్రతి నేనే కొంటాను.