బహదూర్‌పురాలో ఒక రోజు

హైదరాబాదు నగరమనగానే యాత్రికులు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియముల వైపు నడవడం పరిపాటి. గత శీతాకాలంలో ఒక ఆదివారం మా టౌన్‌షిప్ నుండి కుటుంబ సమేతంగా బయలుదేరిన మేము ఆ మూడింటినీ విడిచి, రోజంతా బహదూర్‌పురాలోనే గడిపాము. ఒక వింత కార్ల ప్రదర్శనశాల, నెహ్రూ జంతు ప్రదర్శనశాల, మీరాలం చెరువు కట్ట అక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవారికి ఇంతకన్నా అనుకూలమైన చోటు మరొకటి తోచదు.

కె. సుధాకర్ గారు 2010లో నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియంలో తొలుత అడుగుపెట్టాము. క్రికెట్ బంతి, కలము, కెమెరా, మంచము, ఎత్తుమడమ జోడు, చివరకు మరుగుదొడ్డి కమోడు కూడా అక్కడ ఇంజను బిగించుకొని చక్రాలపై నిలిచి ఉన్నాయి. చూచుటకు మాత్రమే కాదు, అవి నడుస్తాయి. వీటి తయారీకి ఎక్కువగా వాడినది పాత ఇనుప తుక్కే. కొన్నింటిలో వాహన నిర్మాణం కన్న హాస్యమే పాలు ఎక్కువన్నది మా అభిప్రాయం. అయినా బంతి వంటి గుండ్రని రేకును అతుకు కనబడకుండా తీర్చడం సామాన్య విషయం కాదు. మాతో వచ్చిన ఫోర్‌మన్ గారు ఆ నెలాఖరుకే పదవీ విరమణ చేయనున్నారు. అందరూ కార్ల ముందు ఫొటోలు దిగుచుండగా ఆయన మాత్రం వంగి అడుగుభాగాన వెల్డింగును పరిశీలించి, "ఇదంతా మన యార్డులో వేలం వేసే సరుకే కదా సార్!" అన్నారు. ఆ పైన చాలాసేపు మాట్లాడలేదు.

సుధాకర్ గారికి గిన్నిస్ పుస్తకంలో స్థానం తెచ్చినది ఒక మూడు చక్రాల సైకిలు. 2005 జులై 1న ఆయన స్వయంగా తొక్కిన ఈ సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, చక్రం వ్యాసం 17 అడుగులు. చక్రం ఒక్కసారి తిరిగితే ఎంత దూరం పోతుందని పిల్లలను ప్రశ్నించగా, ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి క్షణంలో 53 అడుగులకు పైమాటేనని చెప్పింది.

ఇంటి నుండి తెచ్చిన పులిహోర, పెరుగన్నము ముగించి జంతు ప్రదర్శనశాలకు చేరాము. దాని వెనుకనున్న మీరాలం చెరువు కట్టను గూర్చి చెప్పకుండా సాగలేము. దివాను మీర్ ఆలం కాలంలో 1804-1806 మధ్య నిర్మించిన ఈ కట్టకు 21 అర్ధచంద్రాకారపు కమానులు ఉన్నాయి. కమానుల కుంభాకార ముఖము నీటి వైపు ఉంటుంది. నీరు నెట్టేకొద్దీ రాళ్ళు ఒకదానికొకటి మరింత బిగుసుకొని, ఆ బరువును ఇరుప్రక్కల దిమ్మెలకు అందిస్తాయి. రాతి కట్టడము ఒత్తిడిని ఓర్చినట్లు సాగుదలను ఓర్వలేదు. సిమెంటు, ఉక్కు లేని రోజులలో రాయి, సున్నముతోనే ఆనాటి వారు ఈ లక్షణానికి తగిన రూపాన్ని ఎన్నుకున్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరానికి త్రాగునీరు ఈ చెరువు నుండే అందేది.

1963 అక్టోబరు 6న ప్రారంభమైన జంతు ప్రదర్శనశాల విస్తీర్ణము 380 ఎకరాలు. పలుచోట్ల ఇనుప కటకటాలకు బదులు కందకాలే మృగాలను, మనుషులను వేరుచేస్తున్నాయి. సింహాలు, ఏనుగులు, నీటిగుర్రాలు పిల్లలకు కనులపండువు చేశాయి. వాటిని వర్ణించనవసరము లేదు.

మేము ఎక్కువసేపు నిలిచినది మూషిక జింక వద్ద. కొమ్ములు లేవు. బరువు సుమారు మూడు కిలోలు. మగదానికి కోరలు కొద్దిగా బయటకు వస్తాయి. రాత్రివేళ సంచరించే ఈ పిరికి ప్రాణి మన అడవులలో పలుచోట్ల అరుదైపోయింది. 2010లో జంతు ప్రదర్శనశాల వారు, సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు కలిసి ఇక్కడ దీని సంతతిని పెంచే పని చేపట్టారు. పుట్టిన వాటిలో కొన్నింటిని 2017 నుండి నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో విడిచిపెట్టారు. కారుకైతే విడిభాగాలు తుక్కు దుకాణంలో దొరుకుతాయి. దీనికి దొరకవు. జతకూర్చి, కాపాడి, అడవికి అలవాటుచేసి పంపవలసినదే.

"తాతగారూ, ఇంతేనా? కదలదేం?" అని ఒక బాలుడు ఫోర్‌మన్ గారి వ్రేలు పట్టి లాగాడు. "చీకటి పడాలిరా నాన్నా, అప్పుడు లేస్తుంది," అని ఆయన ఆ నీడలోకే చూస్తూ నిలబడ్డారు. బస్సు హారను రెండవసారి మ్రోగిన తరువాత కాని కదలలేదు.