ఇడ్లీ లోపలే సాంబారు!

అనంతగిరి చూడ్డానికి పొద్దున్నే బయల్దేరినవాళ్లు వికారాబాద్‌లో ఆగి, పొగలు కక్కే ఇడ్లీ తిని కొండెక్కడం మామూలే. ఇడ్లీ ప్లేటులో, సాంబారు గిన్నెలో వస్తాయి. అలాకాక సాంబారంతా ఇడ్లీ లోపలే ఉండి, కొరగ్గానే వేడివేడిగా నోట్లోకి వస్తే?

చైనావాళ్ల షావోలోంగ్‌బావ్ అలాంటిదే. షావో అంటే చిన్నది, లోంగ్ అంటే ఆవిరి బుట్ట, బావ్ అంటే లోపల కూరిన బన్ను. షాంఘై శివార్లలోని నాన్‌షియాంగ్‌లో 1870ల్లో ఇది పుట్టిందని చెబుతారు. దాన్ని దేశదేశాలకు తీసుకెళ్లింది మాత్రం తైవాన్ రాజధాని తైపేలోని ఓ నూనె కొట్టు!

సగం కొట్టు... సరికొత్త బతుకు

యాంగ్ బింగ్‌యీ 1948లో చైనాలోని షాన్‌షీ నుంచి తైవాన్ వచ్చారు. ఓ నూనె దుకాణంలో పనికి కుదిరారు. అది మూతపడటంతో 1958లో భార్యతో కలిసి సొంతంగా నూనె వ్యాపారం మొదలుపెట్టారు. దాని పేరు దిన్ తాయ్ ఫంగ్. కొన్నేళ్లు బాగానే సాగింది. ఇంతలో డబ్బాల్లో నింపిన నూనె బజారులోకి వచ్చింది. విడి నూనె కొనేవాళ్లు తగ్గిపోయారు. కొట్టు నడవడమే కష్టమైంది. చివరికి తెలిసినవాళ్ల సలహాతో 1972లో సగం కొట్టును ఖాళీ చేసి, అక్కడ ఆవిరి బుట్టలు పెట్టారు. అవి ఎంతగా నచ్చాయంటే, తర్వాత నూనె అమ్మడమే మానేశారు.

1993లో న్యూయార్క్ టైమ్స్ ప్రపంచంలోని పది మేటి రెస్టారెంట్లలో దీన్నీ చేర్చింది. 1996లో టోక్యోలో తొలి విదేశీ శాఖ వెలిసింది. 2010 మిషెలిన్ గైడ్ హాంకాంగ్ శాఖకు ఒక స్టార్ ఇచ్చింది. యాంగ్ 2023లో కన్నుమూశారు.

చారు లోపలికెలా వెళ్లింది?

పిండిలో చారు పోసి మూయడం ఎవరివల్లా కాదు. కిటుకు వేరే ఉంది. పంది చర్మాన్ని గంటల తరబడి ఉడికిస్తే అందులోని జిగురంతా నీళ్లలోకి దిగుతుంది. చల్లారాక ఆ చారు జెల్లీలా గడ్డకడుతుంది. దాన్ని సన్నగా తరిగి, ఖీమాలో కలిపి పిండిలో పెట్టి మూస్తారు. బుట్టలో ఆవిరి తగలగానే జెల్లీ కరిగి మళ్లీ చారవుతుంది.

దిన్ తాయ్ ఫంగ్‌లో దేనికైనా తూకమే. పిండి 5 గ్రాములు, లోపలి ముద్ద 16 గ్రాములు... మొత్తం 21. పైన 18 మడతలు. మన కజ్జికాయల అంచు మడిచినట్టే వేళ్లతో చకచకా మడుస్తారు. అద్దాల గది వెనక ఈ పనంతా కళ్లముందే జరుగుతుంటే, బయట టేబుల్ కోసం ఎదురుచూసేవాళ్లకు కాలక్షేపం.

తినడమూ ఓ విద్యే

బుట్ట రాగానే గబుక్కున నోట్లో వేసుకుంటే నాలుక కాలడం ఖాయం. మెల్లగా పైభాగం పట్టుకుని ఎత్తి చెంచాలో పెట్టుకోవాలి. చిన్న చిల్లు చేస్తే చారు చెంచాలోకి జారుతుంది. ముందు దాన్ని తాగి, తర్వాత సన్నని అల్లం ముక్కలు, వెనిగర్, సోయా సాస్‌తో మిగతాది తినాలి. అలాగని మరీ ఆలస్యం చేస్తే పిండి ఆరిపోయి రుచి పోతుంది.

ఆర్డరిచ్చే ముందు...

దిన్ తాయ్ ఫంగ్ శాఖలు మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని బెల్‌వ్యూ, శాంటాక్లారాల్లోనూ ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను సరదాగా ఇలాంటిచోటికి తీసుకెళ్లేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. షావోలోంగ్‌బావ్ అంటే సంప్రదాయంగా పందిమాంసమే. ఏ రెస్టారెంట్లోనైనా మెనూలో చికెన్ అని ఉన్నా, లోపలి జెల్లీ దేనితో చేశారో అడగడం మంచిది. పుట్టగొడుగులు, ఆకుకూరలతో చేసిన రకాలూ దొరుకుతాయి కానీ, సాధారణంగా వాటిలో చారుండదు.

అలాగని శాకాహారులు నిరాశపడక్కర్లేదు. మన ఇళ్లలో పుడ్డింగులకు వాడే చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. దాంతో కూరగాయల చారును గడ్డకట్టించినా ఆవిరికి కరిగిపోతుంది. ఓపికుంటే ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. మొదట్లో మడత ఊడిపోయి చారంతా బుట్టపాలవుతుంది. అయినా, మొదటి రోజే గుండ్రంగా దోసె వేసినవాళ్లెవరు!