ఎన్ని మీటర్ల పానీ?

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన పేరెత్తితే మా ఖాందాన్‌లో బుజుర్గులంతా ఒకే మాట అంటారు: "ఖయామత్ చూశాం." మా నానీది అవనిగడ్డ పక్క పల్లె. ఆ రోజు గాలికి తలుపు ఆగడంలేదని సందూఖ్ అడ్డం పెట్టి కూర్చున్నారట. చివరికి మేడ ఉన్న ఇంటిమీదికి ఎక్కినవాళ్లు బతికారు. నానీ చిన్న చెల్లెలు దొరకలేదు. "తూఫాన్ అంటే హవా అనుకున్నాం. సమందర్ లేచి ఇంట్లోకొస్తదని ఎవరికి తెలుసు బేటా?" అనేది నానీ.

ఆ సవాల్‌కి సైన్స్ దగ్గర జవాబ్ ఉంది. తుఫాను మధ్యలో గాలి పీడనం బాగా పడిపోతుంది. పీడనం 1 మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు 1 సెంటీమీటరు లేస్తుంది. అది థోడాసా మాత్రమే. అసలు తాఖత్ గాలిది. గంటల తరబడి నీళ్లని ఒడ్డువైపు నెడుతూనే ఉంటుంది. లోతున్నచోట ఆ నీళ్లు అడుగునుంచి వెనక్కి పోతాయి. తీరం దగ్గర లోతు తక్కువైతే పోయే జాగా ఉండదు. అందుకే పైకి లేచి ఊళ్లమీద పడతాయి.

ఇంకో సంగతి. మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకి ఉల్టాగా తిరుగుతుంది. అది సముద్రం నుంచి ఒడ్డుకొచ్చేటప్పుడు కుడిపక్క గాలి నీళ్లని నేలమీదికి తోస్తుంది. 1977 తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దివిసీమ దాని కుడిపక్కన పడింది. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి. దాదాపు 10,000 జానాలు పోయాయి.

అంతా కిస్మత్ అని వదిలేద్దామా? 1999లో ఒడిశా తుఫానుకీ దాదాపు అంతమందే పోయారు. అదే ఒడిశాకి 2013లో పైలిన్ వచ్చింది. ఈసారి ఖబర్ ముందే అందింది, లక్షలమందిని ముందే తరలించారు. పోయినవాళ్ల లెక్క పదుల్లోనే ఆగింది. అదే బంగాళాఖాతం, అలాంటి హవానే.

మా ఖాలా ఇప్పటికీ అటువైపే ఉంటోంది. తుఫాను వార్త రాగానే ఫోన్ చేస్తే, "పక్కా ఇల్లే కదా, ఫికర్ చెయ్యకు" అంటుంది. పక్కా గోడ గాలిని ఆపుతుంది. 5 మీటర్ల నీళ్లని ఆపదు. అందుకే ప్రతిసారీ ఒకటే చెప్తున్నా: "ఖాలా, టీవీలో హవా ఎంత స్పీడో చూసి ఊరుకోవద్దు. ఉప్పెన ఎన్ని మీటర్లు అంటున్నారో వినండి. కాగజాలు, దవాలు సంచీలో పెట్టుకుని, పగలుండగానే బయల్దేరండి."